సైటు చూడని పట్టా ఎవరికి కావాలి?

గత వేసవిలో ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు ముగిసిన కాసేపటికి, మా బస్తీలో సెంట్రింగు పని చేసే ఒక మేస్త్రీ తన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. కుర్రవాడు సివిల్ ఇంజనీరింగు పూర్తిచేశాడు. నిర్మాణ నిర్వహణలో పైచదువుకు దరఖాస్తు చేసుకుంటున్నాడు. పదవీ విరమణ చేసిన గుమాస్తా ఇంటికి ఇటువంటి పనులమీద నలుగురూ రావడం మామూలే. దరఖాస్తులు నింపడం, ధ్రువపత్రాలు వరుసలో పెట్టడం మాకు అలవాటైన సేవ. ఆ కాగితాలలో ఒక ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం కనిపించింది. ఒక నిర్మాణ సంస్థలో రెండు నెలలు పని నేర్చుకున్నట్టు అందులో అచ్చయి ఉంది.

"సైటు ఎక్కడ బేటా?" అని అడిగాము.

కుర్రవాడు తల వంచుకున్నాడు. "సైటు లేదు చాచా. 1500 ఇస్తే కాగితం ఇచ్చారు. మా క్లాసులో చాలామందిమి అట్లానే తెచ్చుకున్నాం."

మేము ఆ మాటను అక్కడితో వదిలేయలేకపోయాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఇంజనీరింగు కార్యాలయంలో బిల్లులు, కొలతల పుస్తకాలు చూసినవారము కనుక ఒక చిన్న ప్రశ్న వేశాము: "స్లాబు పోసిన తరువాత కింది పోట్లు ఎన్నాళ్లకు తీస్తారు?"

"28 రోజులకు" అన్నాడు వెంటనే.

గుమ్మం దగ్గర నిలబడిన తండ్రి ఊరుకోలేకపోయారు. "గది వెడల్పు ఎంతో చెప్పకుండా ఎన్నాళ్లంటే ఎట్లా చెప్పేది సాబ్? పద్నాలుగు అడుగుల లోపు గదైతే వారం. అంతకు మించితే రెండు వారాలు. దూలం కింద పోటు మాత్రం తొందరపడి ముట్టుకోవద్దు."

మేము లోపలికి వెళ్లి పాత పుస్తకం తెచ్చి చూశాము. కాంక్రీటు పనులకు మన దేశంలో ప్రమాణమైన ఐ.ఎస్. 456, 2000 సంవత్సరపు కూర్పు, ఈ సంగతి స్పష్టంగా చెబుతుంది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడి, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గకుండా ఉండి, తడుపు సరిగా జరిగితే, 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబు కింద పోట్లు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. దూలాల కింద 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21 రోజులు. ఏడవ తరగతితో బడి మానిన మేస్త్రీ నోట ఆ పట్టిక దాదాపు తప్పు లేకుండా వచ్చింది. నాలుగేళ్లు చదివిన కొడుకు చెప్పిన 28 అనే అంకె కాంక్రీటు దిమ్మెల బలాన్ని పరీక్షించే గడువు. అంకె ఉన్నదే, అయితే అది ఈ ప్రశ్నకు జవాబు కాదు.

మరి తండ్రి వద్ద ఉన్నది సంపూర్ణ జ్ఞానమా? అదీ కాదు. ఆయన నేర్చుకున్న లెక్క సాధారణ సిమెంటుకు వర్తించేది. నేడు ఇళ్ల పనికి విరివిగా వస్తున్నది పీపీసీ అని బస్తామీద రాసి ఉండే బూడిద కలిసిన సిమెంటు. అది నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. ఇతర సిమెంట్లకు ఈ గడువును తగినట్టు మార్చుకోవాలని అదే పుస్తకం చెబుతుంది. ఆ వాక్యం మేస్త్రీ ఎన్నడూ చదవలేదు. ఆయనకు చదివి చెప్పినవారూ లేరు. తండ్రికి తెలియనిది పుస్తకంలో ఉంది. కొడుకుకు తెలియనిది తండ్రి చేతుల్లో ఉంది. ఈ రెండింటినీ కలపవలసిన కళాశాల, కొని తెచ్చిన కాగితాన్ని ఫైలులో పెట్టుకొని మార్కులు వేసింది.

దీనిని మేము ఒక కుర్రవాడి దోషంగా భావించడం లేదు. మా వాదం ఒక్కటే. నిర్మాణ నిర్వహణ చదివే విద్యార్థికి పనిచోట శిక్షణ చదువులో అంతర్భాగం. పలుకుబడి గలవారికి దొరికే అదృష్టంగా కాక, ప్రతి విద్యార్థీ అడిగి తీసుకోగల హక్కుగా అది ఉండాలి.

పటంలో కనిపించనివి

నిర్మాణ నిర్వహణ అంటే ఏమిటి? ఏ పని తరువాత ఏ పని జరగాలి, ఎవరు చేయాలి, ఎంత సామగ్రి ఏ రోజుకు చేరాలి, ఎంత ఖర్చు కావాలి, ఎవరికీ గాయం కాకుండా ఎట్లా పూర్తి చేయాలి అన్న విద్య. తరగతి గదిలో దీనిని గీతల పటాలతో, కంప్యూటరు ప్రోగ్రాములతో బోధిస్తారు. అవి అవసరమే. కానీ ఆ పటాలు పుట్టినది కూడా పనిలోనే. విద్యార్థులు కంఠస్థం చేసే 'క్రిటికల్ పాత్' పద్ధతిని 1950ల చివరలో అమెరికాలోని డ్యూపాంట్ రసాయన సంస్థ తన కర్మాగారాల పనులు అనుకున్న వ్యవధిలో ముగించడానికి రూపొందించుకున్నది. పనివారి అవసరం నుంచి పుట్టిన పద్ధతిని పని చూపకుండా బోధిస్తే విద్యార్థికి మిగిలేది గీతలే.

పటంలో 'స్లాబు కాంక్రీటు: 1 రోజు' అని ఒక గడి ఉంటుంది. ఆ ఒక్క రోజులో ఏమి జరుగుతుందో సైటులో నిలబడినవారికే తెలుస్తుంది. తెల్లవారుజామున పోట్లు ఒక్కొక్కటిగా తట్టి చూడాలి. కడ్డీల కింద కవర్ బ్లాకులు పెట్టారో లేదో వంగి చూడాలి. కరెంటు గొట్టాలు వేసే మనిషి కడ్డీలను పక్కకు నెట్టి ఉంటే మళ్లీ సర్దించాలి. మిక్సరులో నీళ్లు ఎక్కువ పోస్తే పని సులువవుతుందని కూలీలు అడుగుతారు. వద్దని చెప్పడానికి అధికారం ఒక్కటే చాలదు, ఎందుకు వద్దో చెప్పే నేర్పు కావాలి. 30 సెంటీమీటర్ల ఎత్తు గల స్లంప్ శంకువును నింపి పైకి లాగినప్పుడు కాంక్రీటు ఎంత జారిందో కొలవాలి. మధ్యాహ్నం వైబ్రేటరు చెడిపోతే రెండవది ఎక్కడ ఉందో ముందే తెలిసి ఉండాలి. సాయంత్రం వాన మబ్బు పట్టితే ఎక్కడ ఆపితే స్లాబుకు హాని లేదో నిర్ణయించాలి. ఇంతా ఆ ఒక్క గడిలోనే ఉంది.

మరొక ఉదాహరణ మా సొంత అనుభవం నుంచి చెబుతాము. కాంక్రీటు పోసేటప్పుడు 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోసి పరీక్షకు పంపాలి. 5 ఘనమీటర్ల వరకు ఒక నమూనా, 6 నుంచి 15 వరకు రెండు, 16 నుంచి 30 వరకు మూడు. ప్రతి నమూనాకు మూడు దిమ్మెలు. మా బల్లమీదకు వచ్చిన పరీక్షా ఫలితాలు కొన్నిసార్లు అతి చక్కగా, ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉండేవి. కాంక్రీటు ఎన్నడూ అంత క్రమశిక్షణతో ప్రవర్తించదని చెప్పగల యువ ఇంజనీరు ఒక్కరూ కనబడేవారు కాదు. తన చేతులతో పది దిమ్మెలు పోసి పగలగొట్టినవాడికి ఆ అంకెలు చూడగానే అనుమానం రావాలి. దిమ్మె ముట్టుకోనివాడు సంతకం పెట్టి ముందుకు పంపుతాడు. చేతి అనుభవం లేని చదువు నిజాయితీపరుణ్ణి సైతం మోసానికి సాక్షిగా నిలబెడుతుంది. మేము భయపడేది ఇందుకే. స్లాబు కూలినప్పుడు దాని కింద ఉండేది కాగితం అమ్మినవాడు కాదు. ఇటుకలు మోసే కూలీ, నీళ్లు కొట్టే ముసలి వాచ్‌మన్, అతని పిల్లలు.

చదువు పని పక్కనే పుట్టింది

మన దేశంలో ఇంజనీరింగు విద్య మొదలైన తీరు చూడండి. రూర్కీలో కళాశాల 1847లో వెలసింది. ఎందుకక్కడ? గంగా కాలువ తవ్వకం ఆ ప్రాంతంలో సాగుతున్నది కనుక. 1854లో నీళ్లు వదిలిన ఆ కాలువ పనికి మనుషులు కావలసి, పని పక్కనే బడి పెట్టారు. పాలకుల ఉద్దేశం వారి ప్రయోజనమే కావచ్చు. కానీ కాలువ గట్టు మీద నడవకుండా కాలువ ఇంజనీరు తయారు కాడన్న ఇంగితం వారికి ఉన్నది.

హైదరాబాదు సంస్థానంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు వినని ఇంజనీరు ఉండరు. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ రాష్ట్రం ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నది. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివి వచ్చిన ఆయన పేరు నిలబెట్టినది ఆ పట్టా కాదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, మంజీర నదిపై నిలిచిన ఆ రాతికట్ట, నిలబెట్టింది. ఏటా జూలై 11న మన కళాశాలల్లో ఆయన పటానికి పూలమాల వేసి ఉపన్యాసాలు ఇస్తారు. ఆ ఒక్క రోజైనా విద్యార్థులను బస్సెక్కించి ఒక కట్ట దగ్గరకు, ఒక వంతెన పని దగ్గరకు తీసుకువెళ్లిన కళాశాలలు ఎన్ని?

మన పాత ఉస్తాద్-షాగిర్ద్ పద్ధతిని మేము ఆకాశానికెత్తడం లేదు. అందులో షాగిర్దు ఏళ్ల తరబడి జీతం లేకుండా చాకిరీ చేసేవాడు. ఉస్తాదు చెప్పనిదాన్ని అడిగే ధైర్యం ఉండేది కాదు. లెక్క కాగితం మీదకు రాక తలల్లోనే అంతరించేది. ఆ లోపాలు పోవాలనే కళాశాల వచ్చింది. లోపాలతో పాటు పని కూడా పోయింది. నేడు ఐటీఐలో తాపీ పని నేర్చుకునే కుర్రవాడు గోడ కట్టి, కూల్చి, మళ్లీ కడతాడు. హైదరాబాదులో 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ కూలీలకు, మేస్త్రీలకు చేతిపనిలో శిక్షణ ఇస్తున్నది. వారిని నడిపించవలసిన పట్టభద్రుడు మాత్రం రసమట్టం పట్టకుండానే బయటకు వస్తున్నాడు. నడిపించబడేవాడికి ఉన్న శిక్షణ నడిపించేవాడికి అక్కరలేదా?

గేటు ఎవరికి తెరుచుకుంటుంది?

ఇప్పుడు ఈ పత్రిక పాఠకులకు నేరుగా సంబంధించిన సంగతికి వస్తాము.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు, 20 ఏళ్లు పైబడిన ముస్లిములలో పట్టభద్రులు, డిప్లొమాదారులు కలిపి 4 శాతానికి లోపేనని, దేశం మొత్తంమీద అది దాదాపు 7 శాతమని చదివి మనమంతా కలత చెందాము. అంతలో మన రాష్ట్రంలో 2007 చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషను వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. బోధనా రుసుముల పథకం తోడైంది. సెంట్రింగు మేస్త్రీల, ప్లంబర్ల, పెయింటర్ల ఇళ్లలో మొదటిసారి బీటెక్కులు పుట్టాయి. ఆ పోరాటాలలో జెండా మోసినవారిలో మేమూ ఉన్నాము. ఆ ఫలితాన్ని తక్కువ చేయము.

కానీ కళాశాల గేటు తెరిపించుకొని సైటు గేటును మరిచాము. ఇంటర్న్‌షిప్ ఎట్లా దొరుకుతున్నదో చూడండి. తండ్రి కాంట్రాక్టరైతే సొంత సైటు. మేనమామ పెద్ద సంస్థలో ఉంటే ఒక ఫోన్. ఎమ్మెల్యే తెలిసినవారైతే ఒక చీటీ. ఇవేవీ లేని పిల్లవాడు కళాశాల సూచించిన సంస్థల పేర్లు పట్టుకొని పది గేట్ల దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడి తిరిగి వస్తాడు. చివరకు 1500 రూపాయల కాగితం కొంటాడు. అతడు ముస్లిం కావచ్చు, దళితుడు కావచ్చు, వడ్డెర ఇంటి బిడ్డ కావచ్చు. రాళ్లు కొట్టి, కట్టడాలు లేపిన కులాల పిల్లలకు కట్టడాల దగ్గర నేర్చుకునే చోటు లేదు. ఇంతకంటె అన్యాయం ఏముంటుంది?

రెండేళ్ల తరువాత ఉద్యోగ ముఖాముఖిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు సైటు సంగతులు చెబుతారు. మరొకరు నీళ్లు నములుతారు. "ప్రతిభ లేదు" అని రాసేస్తారు. ఆ లోటు ప్రతిభలో లేదు. అవకాశాన్ని పంచిన తీరులో ఉంది.

చట్టం ఉంది, చెప్పేవారు లేరు

ఈ అన్యాయానికి మందు కొత్తగా కనిపెట్టనవసరం లేదు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలోనే ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు కేటాయించింది. అంటే అది ఐచ్ఛిక వినోదయాత్ర కాదు, మార్కులు పడే పాఠం. పాఠం చెప్పకుండా మార్కులు వేయడాన్ని ఏమనాలో పాఠకులకే వదిలేస్తున్నాము.

చదువు పూర్తయినవారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. 1973 సవరణతో పట్టభద్ర ఇంజనీర్లు కూడా దాని పరిధిలోకి వచ్చారు. 30 మంది, అంతకు పైగా సిబ్బంది గల సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకొని తీరాలి. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల భృతిని నిర్ణయించాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద ఆ కనీస భృతిలో సగం కేంద్రం భరిస్తుంది. ఈ నాలుగు వాక్యాలను మా బస్తీలోని సివిల్ విద్యార్థులకు చదివి వినిపించాము. విన్నవారు పదకొండు మంది. ముందే తెలిసినవారు ఒక్కరూ లేరు. వారి కళాశాలలలో శిక్షణ, ఉద్యోగ విభాగమని బోర్డు తగిలించిన గది ఉన్నది; గదికి తాళం ఉన్నది.

గుమాస్తాగా మాకు తెలిసిన సత్యం ఒకటుంది. ప్రజలు అడగని ఉత్తర్వు అటక మీదకు పోతుంది. అడిగినప్పుడే ఫైలు కదులుతుంది.

మన ఇంట్లోని అడ్డంకి

ప్రభుత్వాన్ని, యాజమాన్యాలను అడిగే ముందు మనల్ని మనం అడుగుకోవాలి. "నేను ఎండలో మాడింది చాలు, నా కొడుకు ఏసీ గదిలో కూర్చోవాలి" అన్న మేస్త్రీ మాటలోని బాధ మాకు తెలుసు. దానిని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ సైటు పరిచయం లేని నిర్మాణ నిర్వాహకునికి ఏసీ గది కూడా దొరకదు. దొరికినా ఆ గదిలో అతని మాట ఎవరూ వినరు. కొడుకు ఎండలో జీవితాంతం ఉండనవసరం లేదు. నేర్చుకునే నాలుగు నెలలు ఉండాలి. ఆ నాలుగు నెలలు తండ్రి దగ్గర కూర్చొని అడగడానికి కొడుకు సిగ్గుపడరాదు, చెప్పడానికి తండ్రి వెనుకాడరాదు.

ఆడపిల్లల విషయంలో అడ్డంకి మరింత పెద్దది. "సైటుకు అమ్మాయిని ఎట్లా పంపుతాం? అక్కడ మరుగుదొడ్డి ఉండదు" అంటారు. మంచిదే, అయితే ఇది వినండి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమే ప్రతి పనిచోటా మరుగుదొడ్లు ఉండాలన్నది. 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట పసిపిల్లలకు గది కూడా ఉండాలన్నది. విద్యార్థినికి తగని సైటు, తట్ట మోసే తల్లికి మాత్రం ఎట్లా తగింది? ఏళ్లుగా ఆమె అక్కడే పనిచేస్తున్నది. ఆమె కోసం ఎవరూ ప్రశ్నించలేదు. మన అమ్మాయిలు సైటుకు వెళ్లి ఆ ప్రశ్న వేస్తే, మేలు వారితో పాటు ఆ తల్లులకూ కలుగుతుంది.

అభ్యంతరాలకు మా జవాబు

"సైటు ప్రమాదకరం, విద్యార్థికి ఏమైనా జరిగితే ఎవరు బాధ్యులు?" అంటారు యాజమాన్యాలు. ప్రమాదం నిజమే. అందుకే శిరస్త్రాణం, గట్టి బూట్లు, బీమా ఇచ్చి, తెలిసిన మనిషి పర్యవేక్షణలో పంపమంటున్నాము. ప్రమాదం ఎట్లా జరుగుతుందో చూడకుండా రేపు రెండువందల మంది ప్రాణాలకు బాధ్యత వహించేవాణ్ణి తయారుచేయడం అంతకంటె పెద్ద ప్రమాదం.

"కాంట్రాక్టర్లు రానివ్వరు, పనికి అడ్డం అంటారు" అని రెండవ మాట. ప్రజల పన్నులతో కడుతున్న బడులు, ఆసుపత్రులు, వంతెనలు ప్రతి జిల్లాలో ఉన్నాయి. వాటి టెండరు షరతులలో 'సమీప కళాశాల నుంచి ఇంతమంది విద్యార్థులకు శిక్షణ ఇవ్వాలి' అని ఒక వాక్యం చేర్చడానికి శాసనసభ అక్కరలేదు. టెండరు కాగితాలు తయారుచేసిన చేయి మాది. ఒక షరతు చేర్చడం ఎంత సులువో మాకు తెలుసు.

"ఇది అందరి సమస్య, మైనారిటీ పత్రికలో ఎందుకు?" అని మూడవ మాట. అందరి సమస్యే. అందరికీ హక్కుగా అడుగుతున్నాము. ఎవరికీ పలుకుబడితో పని లేని ఏర్పాటు వస్తే, పలుకుబడి లేనివారికి ముందుగా ఊరట కలుగుతుంది. మైనారిటీ హక్కుల అర్థం మాకు తెలిసినంతలో అదే.

ఏమి చేయాలి?

ప్రభుత్వం చేయవలసినవి మూడు. ఒకటి, ప్రతి ప్రభుత్వ నిర్మాణంలో విద్యార్థులకు చోటు ఉండాలి. ఏ సైటులో ఎందరికో జాబితా బహిరంగంగా ప్రకటించాలి. చోట్లు సిఫారసుతో కాక వరుసక్రమంలో కేటాయించాలి. రెండు, శిక్షణ కాలానికి దారిఖర్చు, భోజనం ఖర్చు ఇవ్వాలి. సెలవుల్లో పనికి వెళ్లి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చే పిల్లవాడు జీతం లేని శిక్షణకు రాలేడు. మూడు, అనుభవజ్ఞులైన మేస్త్రీలను గౌరవ వేతనంతో శిక్షకులుగా పిలవాలి. చదువు లేదన్న కారణంతో వారిని కళాశాల గుమ్మం బయట నిలబెట్టడం ఇక చాలు.

కళాశాలలు చేయవలసినవి రెండు. ఆవరణలో ఒక మూల అభ్యాస స్థలం పెట్టాలి. విద్యార్థులు చిన్న స్లాబు పోసి, తడిపి, పోట్లు తీసి, బరువు పెట్టి చూడాలి. రెండవది, ధ్రువపత్రం బదులు దినచర్య పుస్తకం అడగాలి. మా కార్యాలయంలో ఎం.బుక్ అని పిలిచే కొలతల పుస్తకానికి ఒక నియమం ఉండేది. కప్పబడిపోయే పనిని కప్పకముందే కొలిచి రాయాలి. పునాది పూడ్చిన తరువాత, కడ్డీల మీద కాంక్రీటు పోసిన తరువాత ఎవరూ చూడలేరు. విద్యార్థి కూడా ఏ రోజు ఏమి చూశాడో, ఏమి కొలిచాడో ఆ రోజే రాయాలి. సైటు ఇంజనీరు సంతకం చేయాలి. అధ్యాపకుడు నడుమ ఒకసారి వచ్చి సరిచూడాలి. అటువంటి పుస్తకాన్ని 1500 రూపాయలకు అమ్మడం కష్టం.

మనం చేయవలసినదీ ఒకటుంది. మన మసీదు కమిటీలు, విద్యాసంస్థలు ఏదో ఒకటి కడుతూనే ఉంటాయి. నిరుడు మా బస్తీలో ఒక చిన్న సమావేశ మందిరం కడుతుంటే నలుగురు విద్యార్థులను ఆరు వారాలు పెట్టుకున్నాము. అందులో ఒక అమ్మాయి. ఇద్దరు ముస్లిమేతరులు. మొదటి వారం వారు చేసింది ఇటుకలు లెక్కపెట్టడం, నీటిగొట్టంతో మట్టం చూడడం. నాలుగవ వారం స్లాబు పోయడానికి అంతా సిద్ధమైన ఉదయం, ఆ అమ్మాయి ఒక మూల కడ్డీలు నేరుగా చెక్కమీద ఆని ఉన్నాయని, కింద 20 మిల్లీమీటర్ల కవరు లేదని చూపింది. కాంట్రాక్టరు విసుక్కున్నారు. మేస్త్రీ వంగి చూసి "బేటీ చెప్పింది సరైనదే" అన్నారు. పని గంటన్నర ఆగింది. కవర్ బ్లాకులు పెట్టిన తరువాతే కాంక్రీటు పోశారు. ఆ మూల మరో పదేళ్లకు కడ్డీ తుప్పుపట్టి పెచ్చులూడకుండా ఆ గంటన్నర కాపాడింది. ఇందుకు మాకు అయిన అదనపు ఖర్చు నాలుగు శిరస్త్రాణాలు, నాలుగు జతల బూట్లు, మధ్యాహ్నం భోజనం, ఒక బీమా.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. వచ్చే ప్రవేశాల సమయంలో కళాశాల భవనం ఎత్తు, బస్సుల సంఖ్య చూసి మోసపోవద్దు. మూడు ప్రశ్నలు అడగండి: నిరుడు మీ సివిల్ విద్యార్థులు ఏ ఏ సైటులలో ఎన్ని రోజులు పనిచేశారు? వారి దినచర్య పుస్తకాలు చూపగలరా? మీ ఆవరణలో విద్యార్థులు స్వయంగా పోసిన కాంక్రీటు ఎక్కడ ఉంది? జవాబు రాకపోతే లేచి రండి. పది ఇళ్లవారు లేచి వస్తే పదకొండవ ఇంటికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఆ సాయంత్రం వచ్చిన కుర్రవాడి దరఖాస్తులో ఆ ధ్రువపత్రాన్ని మేము జతచేయలేదు. తండ్రీ కొడుకులు కాసేపు నొచ్చుకున్నారు. మరుసటి సోమవారం నుంచి కుర్రవాడు తండ్రితో పాటు సైటుకు వెళ్లడం మొదలుపెట్టాడు; సాయంత్రాలు ఐ.ఎస్. 456 తెచ్చి తండ్రికి తెలుగులో చదివి చెబుతున్నాడు. ఇప్పుడు ఆ మేస్త్రీ పోట్లు తీసే ముందు సిమెంటు బస్తా మీద ఏమి రాసి ఉందో కొడుకును అడుగుతున్నారు. ఒక ఇంట్లో ఇది తండ్రి దయవల్ల జరిగింది. ప్రతి ఇంటి బిడ్డకూ జరగాలంటే ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు కోసం అర్జీ రాయడానికి మా కలం సిద్ధంగా ఉంది. సంతకాలు మీవి కావాలి.